శ్రుతియు వేడిమియు

డప్పును వాయించుటకు ముందు మంటకడ కాచుట మీరెల్లరు నెఱిగినదే. వేడిచే చెమ్మ హరించి, చర్మము బిగిసి, ధ్వని హెచ్చును. వీణకు ఇది విపరీతము: ఎండకు లోహము సాగి, తంత్రి సడలి, శ్రుతి దిగును. సన్నాయివంటి వాద్యములందు లోపలి గాలియే మ్రోగును గావున, అది వేడెక్కిన కొలది శ్రుతి ఎక్కును. ఈ చిక్కు ఐరోపాలో రాజశాసనము దాక పోయిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

మన గాయకునకు తన కంఠమే ప్రమాణము. దానికి తగినట్లు తంబురను కూర్చుకొనును. ఐరోపాలో నన్ననో పదుల కొలది వాద్యములు ఒక్కుమ్మడి మ్రోగును. అన్నింటికి నొక్క శ్రుతి కావలెను. అందులకై 1711లో జాన్ షోర్ అను ఆంగ్లేయుడు రెండు కొమ్ముల శ్రుతిదండమును కల్పించెను. అయినను ఊరికొక శ్రుతి నిలిచెను. ధ్వని మిక్కిలి ప్రకాశింపవలెనని వాద్యకారులు దానిని నానాటికి హెచ్చించిరి. 1858 నాటికి పారిస్ సంగీతనాటకశాలలో ప్రమాణస్వరము సెకనుకు 448 కంపములకు చేరెను. ఆ భారమంతయు గాయకుల కంఠములపై బడెను.

అంతట ఫ్రెంచి ప్రభుత్వము రోసీని, బెర్లియోజ్ మొదలగు సంగీతకర్తలతోను, లిసజూ మొదలగు భౌతికశాస్త్రజ్ఞులతోను ఒక సంఘము నేర్పఱచెను. 1859 ఫిబ్రవరిలో, 15 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు 435 కంపములని శాసనమయ్యెను. ఆ వేడిమి శ్రుతిదండమునకు జెప్పినది. ఉక్కుదండము వేడికి ఒకింత నెమ్మదించును. అయిదు డిగ్రీలకు ఇంచుమించు పావు కంపము మాత్రమే తగ్గును.

1896లో లండన్ ఫిల్హార్మోనిక్ సంఘమువారు ఆ 15 డిగ్రీలను సభాశాలకు అన్వయించిరి. తమ శాల 20 డిగ్రీలుండును గనుక, ఊదు వాద్యములు అచ్చట 439కి ఎక్కునని లెక్కించి ఆ సంఖ్యనే స్వీకరించిరి. గాలి విషయమున లెక్క సరియే: డిగ్రీకి ధ్వనివేగము సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగును. కాని దండమునకు జెప్పిన మాట గదికి చెల్లెను! ఇట్లు నాలుగు కంపములు హెచ్చెను.

1939 మే నెలలో లండన్ నగరమున సమావేశమైన పలు దేశములవారు 440ని నిర్ణయించిరి. ఇందు రేడియోకును పాలు కలదు. బీ.బీ.సీ. వారు సెకనుకు పదిలక్షల కంపములు గల స్ఫటికమునుండి భాగహార గుణకారములచే ప్రమాణస్వరమును పుట్టించుచుండిరి. 439 ఏ చిన్న సంఖ్యచేతను భాగింపబడదు. 440 సులభముగ లభించును.

కావున ప్రమాణసంఖ్య యొక్కటే చాలదు. అది ఏ వస్తువునకు, ఎంత వేడిమిలో చెప్పబడినదో తెలియవలెను. ఉత్సవమునాడు సన్నాయి విద్వాంసుడు కొంతసేపు ఊదుకొని శ్రుతి చూచుకొనుచున్నచో తొందరపెట్టకుడు. అది కాలహరణము గాదు. లోపలి గాలి వేడెక్కి నిలకడకు వచ్చు సమయము.