అమలాపురం కుర్రాడి సంతకం

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ కప్పు ఎత్తాడు. 1980లో ప్రకాశ్ పడుకోన్ తరవాత ఆ కప్పు మన దేశానికి రావడం మళ్లీ అప్పుడే. పాతికేళ్లు నిండిన సందర్భంలో ఆ ఫైనల్‌ని తలుచుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు మాత్రం ఆ తరవాత జరిగిందే ఎక్కువ ముచ్చట. ఒక కూల్‌డ్రింకు ప్రకటనలో కనిపించమని అడిగితే గోపీచంద్ వద్దన్నాడు. తాను తాగని పానీయాన్ని తాగమని పిల్లలకు చెప్పలేనన్నది ఆయన పట్టుదల. బ్యాడ్మింటన్‌లో డబ్బు అంతంతమాత్రంగా ఉన్న రోజులవి.

ఆ 'వద్దు'లో నిజాయితీతో పాటు ఒక హక్కు కూడా ఉంది. ఆటగాడి పేరు, ముఖం అతని సొత్తు. అతను సంతకం పెట్టకుండా వాటిని సీసా మీద అంటించే అధికారం ఎవరికీ లేదు. గోపీచంద్ అప్పటికి ఇరవై ఏడేళ్లవాడు, లోకం చూసినవాడు కాబట్టి కాదనగలిగాడు. అలాంటి ఒప్పంద కాగితం పదహారేళ్ల విద్యార్థి ముందుకొస్తే చదివి చెప్పేదెవరు? గోదావరి జిల్లాల్లో పిల్లలు ఆటల్లో పైకొస్తున్నకొద్దీ నన్ను వదలని ప్రశ్న ఇది.

ఈ కథకు మొదలు వెతికితే రాజమహేంద్రవరంలోనే దొరుకుతుంది. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఉంది. కర్ణుడు రంగంలోకి దిగి, అర్జునుడు చేసినవన్నీ తానూ చేసి చూపిస్తాడు. కులమేమిటి, రాజ్యమేదని అడిగేసరికి తల దించుకుంటాడు. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకించి, బదులుగా స్నేహం చాలంటాడు. ప్రతిభ ఉండి ఆదరువు లేని యువకుడు, ఆ ప్రతిభను తన పక్షాన నిలుపుకోవాలనుకున్న ధనవంతుడు. గడువు లేదు, తప్పుకునే దారి లేదు. ఆ స్నేహం కోసం కర్ణుడు చివరికి ప్రాణమే ఇచ్చాడు. పిల్లాడి చేతికి స్పాన్సర్‌షిప్ ఫారం వచ్చిందని విన్నప్పుడల్లా నాకు ఆ రంగస్థలం కళ్లముందు మెదులుతుంది.

నన్నయ తరవాత తొమ్మిది వందల ఏళ్లు గబగబా దాటాల్సిందే. రెడ్డిరాజులు పోయారు, పెద్దాపురం, పిఠాపురం సంస్థానాలు వచ్చాయి. బలవంతుడికి ఆదరణంటే దొరగారి మాట, శాలువా, భోజనం. ఉత్తరాంధ్రలో కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండి, తరవాత సొంత సర్కస్ నడిపి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, తన బలం మీద తానే టిక్కెట్టు వసూలు చేశాడు. మచిలీపట్నం మూలాలున్న నాగపూర్ తెలుగువాడు సి.కె. నాయుడు ఒక్క జీవితంలోనే రెండు యుగాలూ చూశాడు. 1926లో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టిన ఆయనకు ఇండోర్ హోల్కర్ మహారాజు సైన్యంలో హోదా ఇచ్చి పోషించాడు. 1941లో అదే నాయుడు బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించాడు. ఒక సరుకుకు ప్రచారం చేసిన తొలి భారత క్రికెటర్‌గా ఆయన్నే చెబుతారు.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. 2018 ఏప్రిల్, ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్, కామన్వెల్త్ క్రీడలు. భారత బ్యాడ్మింటన్ జట్టులో మన కోనసీమ వైపు నుంచి ఇద్దరున్నారు. ఒకరు రావులపాలెంలో పుట్టి గుంటూరు కుటుంబంలో పెరిగిన కిడాంబి శ్రీకాంత్. రెండోవాడు అమలాపురం సాత్విక్ సాయిరాజ్. రావులపాలెం బస్టాండులో బస్సెక్కితే కొబ్బరి తోటల మధ్య నుంచి గంటలో అమలాపురం చేరతాం. ఆ కాస్త మేర నుంచి ఇద్దరు ఒకే జట్టులో, ఒకే ఫైనల్లో!

ఏప్రిల్ 9న మిక్స్‌డ్ టీమ్ ఫైనల్. ఎదురుగా మలేషియా. మొదటి మ్యాచ్ మిక్స్‌డ్ డబుల్స్. సాత్విక్ పక్కన అశ్విని పొన్నప్ప. ఆమె అనుభవం అతని వయసులో సగం పైనే ఉంటుంది. అవతలున్న చాన్ పెంగ్ సూన్, గోహ్ లియు యింగ్ జోడీ రియో ఒలింపిక్ రజత విజేతలు. మూడు గేములు పోరాడి మనవాళ్లు గెలిచారు. తరవాత శ్రీకాంత్ దిగ్గజం లీ చాంగ్ వెయ్‌ని వరస గేముల్లో ఓడించాడు. డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ శెట్టి ఓడినా, సైనా నెహ్వాల్ గెలిచి స్వర్ణం ఖాయం చేసింది. మూడు రోజులకు శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 15న పురుషుల డబుల్స్ ఫైనల్లో ఇంగ్లండ్ జోడీ ఎలిస్, లాంగ్రిడ్జ్ చేతిలో ఓడి సాత్విక్, చిరాగ్ రజతం తెచ్చుకున్నారు.

సాత్విక్ పుట్టింది 2000 ఆగస్టు 13న. తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామ ఉపాధ్యాయుడిగా, మన వాడుకలో పీఈటీ మాస్టారుగా, పనిచేశారు. ఆయన వల్లే ఇంట్లోకి రాకెట్టు వచ్చింది. పద్నాలుగేళ్ల ప్రాయంలో పిల్లాడు హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి చేరాడు. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని ముంబై కుర్రాడు చిరాగ్‌తో జత చేశాడు. గోల్డ్‌కోస్ట్‌లో రెండు పతకాలు మెడలో పడేనాటికి సాత్విక్‌కు పదిహేడేళ్ల ఎనిమిది నెలలు. ప్రపంచం దృష్టిలో విజేత, చట్టం దృష్టిలో మైనరు.

ఆ వయసు పతక విజేత ఇంటికి ఒక కంపెనీ ఒప్పందపత్రం పంపిందనుకుందాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదంటుంది. దానికి పదును పెట్టింది 1903లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చిన మొహరీ బీబీ కేసు. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు 20 వేల రూపాయల అప్పుకు ఆస్తి తనఖా రాశాడు. అతను మైనరని అప్పిచ్చినవారి వకీలుకు తెలుసు. ఆ తనఖా మొదటినుంచే చెల్లదని తీర్పొచ్చింది. అప్పిచ్చిన డబ్బు కూడా వెనక్కి ఇప్పించలేదు.

అయితే తండ్రి సంతకం పెడితే సరిపోతుంది కదా అంటారు. 1948లో ప్రివీ కౌన్సిల్‌కే వెళ్లిన మన తెలుగువాళ్ల కేసు, శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావుల వ్యాజ్యం, కొంత దారి చూపింది. తండ్రి అప్పు తీర్చడానికి మైనరు భూమిని తల్లి గార్డియనుగా అమ్మింది. అది గార్డియను అధికారంలోనిదే, మైనరుకు మేలు చేసేదే కాబట్టి చెల్లుతుందన్నారు. ఆ కాలంలోనే బొంబాయి హైకోర్టులో రాజ్‌రాణి కేసు వచ్చింది. మైనరు బాలిక సినిమాలో నటిస్తుందని తండ్రి నిర్మాతతో ఒప్పుకున్నాడు. నిర్మాత మాట తప్పాడు. కోర్టుకెళ్తే ఆ ఒప్పందమే చెల్లదు, కాబట్టి నష్టపరిహారమూ లేదన్నారు. భూమి అమ్మకానికి చెల్లిన గార్డియను సంతకం, పిల్ల చేసే పనికి చెల్లలేదు.

ఆటగాడి ఒప్పందంలో ఉండేది ఆ పిల్ల చేసినలాంటి పనే. షూటింగుకు రావాలి, టీషర్టు వేసుకోవాలి, ఫోటో ఇవ్వాలి. అంటే కంపెనీ మైనరును కట్టిపడేయలేదు, మైనరు కంపెనీ మెడ పట్టుకోలేడు. కాపాడటానికి పుట్టిన చట్టమే అవసరానికి చేయందించదు. అందుకే వకీలు అవసరం సంతకం తరవాత కాదు, ముందు. డబ్బు ముందుగా ఎంత వస్తుంది, ఏ ఖాతాలో పడుతుంది, మేజరయ్యాక ఒప్పందాన్ని కొత్తగా రాయాలా అన్నవి ముందే తేల్చుకోవాలి. డెల్టాలో అరెకరం కౌలుకిచ్చే రైతు కూడా హద్దులు, గడువు, కౌలు ఎప్పుడు చెల్లించాలో పెద్దమనుషుల ముందు చెప్పిస్తాడు. బిడ్డ పేరును అద్దెకిచ్చేటప్పుడు ఆపాటి జాగ్రత్త ఎందుకుండదని నాకు బాధ.

పద్నాలుగేళ్లలోపు పిల్లలకు వేరే రక్షణ ఉంది. బాలకార్మిక చట్టం నిబంధనలకు 2017లో చేసిన సవరణ ప్రకారం పిల్లలను ప్రకటనల్లో చూపాలంటే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతి ఉండాలి. రోజుకు ఐదు గంటలు మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఈ చివరి మాట మన ఊళ్లలో ఎంతమంది తల్లిదండ్రుల చెవిన పడింది?

మేజరైతే చిక్కులు తీరిపోవు, మారతాయి. క్రికెటర్ జహీర్ ఖాన్‌తో 2000లో ఒప్పందం చేసుకున్న పర్సెప్ట్ సంస్థ, గడువు తీరాక కూడా ముందు తమనే అడగాలని పట్టుబట్టింది. 2006లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. 2021 ఆగస్టు 1న పి.వి. సింధు టోక్యోలో కాంస్యం గెలిచిన కొన్ని గంటల్లోనే రకరకాల కంపెనీలు ఆమె బొమ్మతో అభినందనలు పోస్టు చేశాయి. వాటిలో ఆమెతో ఒప్పందం లేనివి చాలా ఉన్నాయి. ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ న్యాయపోరాటానికి సిద్ధమైంది. ప్రకటనల ప్రమాణాల మండలి కూడా అనుమతి లేని ఇలాంటి ప్రచారం తమ నియమావళికి విరుద్ధమని చెప్పింది. సింధుకు సంస్థ అండ ఉంది. జిల్లా స్థాయిలో గెలిచిన అమ్మాయి ఫోటో ఏ కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ మీదికో ఎక్కితే అడిగేవాళ్లు లేరు.

సాత్విక్ సంగతికొస్తే, 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో యోనెక్స్ వ్యాయామశాలలో అతను కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది. రాకెట్ కంపెనీ ఏర్పాటు చేసిన పరీక్ష అది. అమలాపురం కుర్రాడి భుజబలమే అక్కడ ప్రకటన. ఆ ఏడాదే ఆసియా క్రీడల్లో స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ స్థానం, ఖేల్‌రత్న. చూస్తుంటే గుండె నిండుతుంది.

ఇక్కడి నుంచి కథ నాలుగు దిక్కులా చెదురుతుంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక తప్పుడు ప్రకటనలో కనిపించిన ఆటగాడికీ 10 లక్షల వరకు జరిమానా, ఏడాది వరకు నిషేధం పడొచ్చు. సరుకు గురించి తగిన విచారణ చేసుకున్నానని చూపగలిగితేనే రక్షణ. 2001లో గోపీచంద్ మనస్సాక్షితో చేసింది ఇప్పుడు చట్టం అడుగుతోంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. రీల్స్‌లో ఇలాంటి యాప్ పేరు చెప్పి పదివేలు తీసుకునే కాలేజీ కబడ్డీ కుర్రాడికి ఇది ఎవరైనా చెప్పాలి.

అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని వాళ్ల జాతీయ క్రీడా సంఘం 2021 జూలై 1 నుంచి ఒప్పుకుంది. ఆ తరవాత కొన్ని లా కళాశాలలు విద్యార్థి ఆటగాళ్ల ఒప్పందాలను ఉచితంగా చదివిపెట్టే కేంద్రాలు తెరిచాయి. అక్కడ చదువుతున్న మన భీమవరం, తణుకు పిల్లలు మాత్రం జాగ్రత్తపడాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి పని మీద ఆంక్షలున్నాయి, తొందరపడి ప్రకటనలో నటిస్తే చదువుకే ముప్పు రావొచ్చు.

మన దగ్గర అలాంటి సాయం లేదనుకుంటాం, కానీ ఉంది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. న్యాయసేవ అంటే కోర్టులో వాదించడమే కాదు, ఏ చట్టపరమైన విషయంలోనైనా సలహా ఇవ్వడమని ఆ చట్టమే నిర్వచించింది. రాజమహేంద్రవరం జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోను చేసినా పలుకుతారు. ఆస్తి పంపకాలకు, భరణాలకు జనం అక్కడికి వెళ్తారు. స్పాన్సర్‌షిప్ కాగితం పట్టుకుని కూడా వెళ్లొచ్చు.

అమలాపురం, కాకినాడ, ఏలూరు మైదానాల్లో వేసవి శిక్షణ శిబిరాలు నడిపే మాస్టార్లకు నాదొక విన్నపం. శిబిరంలో ఒక పూట న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని పిలవండి. పిల్లల దగ్గరున్న ఫారాలన్నీ, బూట్ల కోసం రాసిచ్చినవీ, అకాడమీ పేరు మీద రాసిచ్చినవీ, ఆ పూటే ఆయన చేత చదివించండి. అవి చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, ఒక్కో షరతూ తల్లిదండ్రులకు తెలుగులో చెప్పించండి.