ప్రాదేశిక సైనికుని కొలువు: 1952 నాటి చట్టరక్షణయు రాష్ట్రేతరాంధ్రులును

మదరాసు సైన్యము నాటి తెలుగు సిపాయికి రెండవ కొలువు లేదు. పటాలమే అతని ఉద్యోగము, పటాలమే అతని ఊరు. నాగపురమునకు చేరువను 1821లో కాంప్టీ దండు ఏర్పడిన పిదప మదరాసు పటాలములు అచ్చట చిరకాలము విడిసియుండెను. భార్యాబిడ్డలు, చాకళ్లు, దుకాణదారులు వారి వెంట నడచిరి. అట్లు పోయి తిరిగి రానివారి సంతతి మహారాష్ట్రమందలి పాత తెలుగు కుటుంబములలో కొంత కలదు. బళ్లారి, బరంపురములును మదరాసు సైన్యపు దండులే. ఐతే అచ్చట జనులు కదలలేదు, సరిహద్దులు కదలినవి. బరంపురము 1936లో ఒరిస్సాకును, బళ్లారి 1953లో మైసూరునకును చేరెను. కుంఫిణీ కాగితములలో తెలుగువానిని 'జెంటూ' అనిరి. ఉత్తరదేశమున సిపాయి యన్నవాడెల్ల 'తిలంగా' అయ్యెను.

అట్టి సిపాయి పటాలము నుండి మరలి వచ్చినప్పుడు అతనిని పనిలోనికి తిరిగి తీసికొనవలసిన యజమాని యెవ్వడును లేడు. ఆ ప్రశ్న పుట్టుటకు ఒకే మనిషికి ఇద్దరు యజమానులు ఉండవలెను: ఒకరు సర్కారు, మరియొకరు జీతమిచ్చు సంస్థ. 1888 నాటి భారత రిజర్వు దళముల చట్టముతో ఇట్టి మనిషి మన చరిత్రలో ప్రవేశించెను. పటాలమును వీడి యింట నుండుచు, పిలుపు రాగానే తిరిగి పోవలసినవాడు అతడు. కాని ఆ కాలముననే తెలుగువారికి సైన్యద్వారములు మూతపడజొచ్చెను. 1881 మొదలు 1885 వరకు మదరాసు సైన్యాధిపతిగా నుండిన రాబర్ట్సు మొదలగువారు దక్షిణాది సిపాయిని వీరజాతివానిగా ఎంచలేదు. 1920లో ఏర్పడిన సహాయక దళము తెల్లవారికిని, వారితో సంబంధము గల జాతులకును పరిమితమైనది. మదరాసు, దక్షిణ మహరాట్టా రైల్వేలో పనిచేసిన తెలుగు కార్మికుడు ఆ రైల్వే రైఫిల్సు దళము కవాతు చేయుట చూచుటయే గాని అందులో చేరుటకు అర్హుడు కాడు.

రెండవ ప్రపంచయుద్ధము ఈ స్థితిని మార్చెను. రద్దయిన మదరాసు రెజిమెంటు, అప్పటి ప్రాదేశిక పటాలముల పునాదిపై తిరిగి లేచినది. అదే కాలమున పాశ్చాత్య దేశములు యజమానికి చట్టముతో ముకుతాడు వేసెను. అమెరికా 1940లో, బ్రిటను 1944లో, సైన్యము నుండి మరలిన వానిని పూర్వపు పనిలో నిలుపవలెనని శాసించినవి.

స్వతంత్ర భారతమున ప్రాదేశిక సైన్య చట్టము 1948లో వెలువడెను. ఆ సైన్యమును 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నరు జనరలు రాజగోపాలాచారి ప్రారంభించెను. ఆయన జన్మస్థలమైన తొరపల్లి హోసూరు ప్రాంతములోనిది. తెలుగు ఇప్పటికిని వినిపించు సీమ అది. ఈ సైన్యము జీవనోపాధి కాదు. వేరొక వృత్తి గలవాడే ఇందు చేరవలెను. ఏటికి కొన్ని వారములు శిక్షణ పొంది తన పనికి మరలవలెను. ఇదియే దీని మూలసూత్రము. కాని పని నిలిచియుండునని భరోసా యిచ్చు నిబంధన 1948 చట్టములో లేదు. నాలుగేండ్ల పిమ్మట, 1952 సవరణతో, 7-ఎ, 7-బి సెక్షనులు చేరినవి.

7-ఎ సెక్షను యజమానిపై మోపిన విధి స్పష్టము. సైనికసేవకు పిలువబడి పోయినవాడు తిరిగి వచ్చినప్పుడు అతనిని ఉద్యోగమున చేర్చుకొనవలెను. ఆ సేవ అడ్డు రాకుండినచో అతనికి ఏ స్థితి కలిగియుండెడిదో, దానికి తక్కువగాని షరతులతో చేర్చుకొనవలెను. యజమాని నిరాకరించినచో వివాదము నిర్ణీతాధికారి యొద్దకు పోవును. ఆయన యజమానిని మినహాయింపవచ్చును. తగిన షరతులతో తిరిగి తీసికొమ్మనవచ్చును. లేదా ఆరు నెలల జీతమునకు మించని పరిహారమిప్పింపవచ్చును. ఆజ్ఞ మీరిన యజమానికి వేయి రూపాయల వరకు జరిమానా. పిలుపు రాకముందే మనిషిని తొలగించి తప్పించుకొనజూచు యజమానిని కూడ చట్టము విడువలేదు. ఉత్తరువు వెలువడిన పిదప తొలగించినచో, కాదని రుజువగువరకు దురుద్దేశముతో తొలగించినట్లే భావింపబడును. 7-బి సెక్షను ప్రావిడెంటు ఫండు వంటి హక్కులు ఆ వ్యవధిలో తెగిపోకుండ కాపాడును.

మినహాయింపు మాట కొందరికి మెత్తదనముగా తోచవచ్చును. ముగ్గురు పనివారు గల చిన్న దుకాణమున ఒకడు చిరకాలము లేకున్నచో మరియొకని నియమింపక తప్పదు; అట్టి చోట మినహాయింపు అన్యాయము కాదు. అసలు బలహీనత వేరొకచోట నున్నది. మొండి యజమాని ఆరు నెలల జీతమును ఖర్చుగా లెక్కించుకొని బయటపడగలడు.

ప్రభుత్వరంగమున ఈ సెక్షనును తెరచి చూడవలసిన అవసరమే అరుదు. బెంగుళూరులో 1940లో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు, 1948లో టెలిఫోను కర్మాగారము, 1954లో భారత్ ఎలక్ట్రానిక్సు వెలసినవి. అచ్చటి తెలుగు కార్మికునికి గాని, హుబ్బళ్ళి రైల్వే వర్కుషాపులోని తెలుగువానికి గాని సర్వీసు రిజిస్టరే సాక్షి. పైగా 1956 సవరణ తెచ్చిన 6-ఎ సెక్షను, ఇరువది నుండి నలుబది యేండ్ల లోపు గల ప్రభుత్వోద్యోగులను, ప్రజోపయోగ సంస్థల యుద్యోగులను, కోరినప్పుడు ఈ సైన్యమున సేవ చేయుటకు బద్ధులను చేసెను. యజమానియు సైన్యమునకు పిలుచువాడును ఒక్కరే యైనప్పుడు తగవునకు తావేది? తావు మరియొక రూపమున వచ్చెను. 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగినప్పుడు రైళ్లు నడుపుటకు రైల్వే ప్రాదేశిక దళములను పిలిచిరి. పిలుపందుకొన్నవారు రైల్వే ఉద్యోగులే. నిన్నటి వరకు ప్రక్క బెంచీ మీద పనిచేసిన మిత్రుడు సమ్మెలో నుండగా, తాను సైనికదుస్తులతో బండి నడుపవలసిన సంకటము వారిది. సైనికుని ఉద్యోగమును కాపాడు చట్టము, ఆ ఉద్యోగమున తోటివారితో అతని పొత్తును కాపాడలేదు.

షోలాపురము సంగతి వేరు. తెలంగాణము నుండి తరతరములుగా వలస పోయిన పద్మశాలీలు అచ్చట దుప్పట్లు, తువ్వాళ్లు నేయుదురు. సాంచె మీద పనిచేయువానికి కూలి నేసిన సరకును బట్టి ముట్టును, నియామకపత్రముండుట అరుదు. చట్టము 'ప్రతి యజమాని' అనియే పలికినది గాన, సాంచెల యజమానియు దానికి లోబడినవాడే. కాని పరిహారము 'కడపట ముట్టిన జీతపు రేటు' మీద లెక్కింపవలెను. ఒక నెల పని నిండుగను, మరుసటి నెల నూలు దొరకక సగముగను సాగిన వానికి ఆ రేటు ఏది? తాను ఫలానావాని యొద్ద పనిచేసితినని నిరూపించు భారము మొదట అతని మీదనే పడును. కూలి పద్దు, ఈ.ఎస్.ఐ. చీటీ, ప్రావిడెంటు ఫండు సంఖ్య వీనిలో నేదియైన నున్నచో వాదము నిలుచును. లేనిచో సైనికపత్రము ఒక్కటియే మిగులును. అది అతడు ఎచ్చటికి పోయెనో చెప్పును గాని ఎచ్చట నుండి పోయెనో చెప్పదు.

యజమానికి చట్టమిచ్చిన ప్రతివాదము మరియొకటి కలదు. సేవ ముగిసిన రెండు నెలలలోపల ఉద్యోగమునకై తన్ను అడుగలేదని అతడు నిరూపించినచో బాధ్యత తొలగును. నోటి మాటగా అడిగినదానికి సాక్షి దొరకడు గనుక రిజిస్టరు తపాలాలో పంపిన అర్జీయు, దాని రసీదును మేలు. ఆ రెండు నెలలు సేవ ముగిసిన దినము నుండియే నడచును. ఇల్లు చేరిన దినము నుండి కాదు.