శిశు స్థూలకాయ నివారణ (దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్)

అయిదేళ్లలోపు పిల్లలు ఎత్తుకు మించిన బరువు పెరగకుండా తీసుకునే ప్రజారోగ్య చర్యలే శిశు స్థూలకాయ నివారణ. తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ బస్తీల పేద కుటుంబాలకు ఇందులో మొదటి ఆసరా అంగన్‌వాడీ కేంద్రం.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న మొదలైనప్పుడు గురి పోషకాహార లోపం మీదే. తర్వాత అధిక బరువు అనే రెండో సమస్య తోడైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో అధిక బరువున్న అయిదేళ్లలోపు పిల్లలు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం.

గుర్తింపు కొలతతోనే. రెండేళ్లలోపు బిడ్డను చెక్కపై పడుకోబెట్టి పొడవు, ఆపై వయసువారిని గోడకు నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల్లో ఎత్తుకు తగ్గ బరువు మధ్యస్థ విలువకన్నా 2 ప్రామాణిక విచలనాలు మించితే అధిక బరువు, 3 మించితే స్థూలకాయం. వయసుకు తగ్గ బరువు ఒక్కటే చూస్తే గిడసబారిన పిల్లల్లో ఊబకాయం కంటబడదు.

ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వడం, తర్వాత పప్పన్నం, గుడ్డు, ఆకుకూరలతో అనుబంధాహారం, చిప్స్ పొట్లాలు, తీపి పానీయాలకు దూరం ప్రధాన సూచనలు. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిసిన ఈ పిండి శక్తి ఎక్కువున్న ఆహారం కనుక మోతాదు ముఖ్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం 1-4 ఏళ్లవారికి రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక అవసరం. రెండేళ్లలోపు పిల్లలకు టీవీ, ఫోన్ తెర చూపరాదు, 2-4 ఏళ్లవారికి గంట మించరాదు. ఒంటిగది అద్దె ఇళ్లలో ఆటస్థలం కొరత పిల్లల కదలికకు ప్రధాన ఆటంకం.