గుర్రాలకు శిక్షణ: బహుమతా, దండనా?

గుర్రాలకు శిక్షణ ఇచ్చే పద్ధతులు ప్రధానంగా మూడు. చెప్పిన పని చేయగానే మేత పెట్టడం మొదటిది. పగ్గాలు బిగించి, మాట వినగానే సడలించడం రెండోది. తప్పు చేస్తే కొరడాతో కొట్టడం మూడోది. రౌతులు ఎక్కువగా ఆధారపడేది రెండో పద్ధతిపైనే. ఇందులో గుర్రానికి పాఠం నేర్పేది పగ్గాల బిగింపు కాదు, సకాలంలో ఇచ్చే సడలింపు.

దండన ఏది చేయకూడదో సూచించవచ్చు గానీ, ఏది చేయాలో చెప్పదు. గుర్రం బెదిరితే పారిపోయే స్వభావం గల జంతువు. దెబ్బ ఆలస్యమైతే కారణం దానికి తెలియదు, భయమే మిగులుతుంది. ఆ భయం రౌతుకూ ప్రమాదకరమే. కోపంతో గుర్రాన్ని సమీపించరాదని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫోన్ హెచ్చరించారు.

ఫ్రాన్స్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మేతను బహుమతిగా పొందిన గుర్రాలు త్వరగా నేర్చుకున్నాయి. నెలలు గడిచాక కూడా మనుషులకు దగ్గరగా మెలిగాయి. అయితే సమయం చూడకుండా మేత పెడితే చేతులు కొరికే అలవాటు కలగవచ్చు.

భారత్‌లో జంతువులను అనవసరంగా బాధ కలిగేలా కొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.