రీలు కడిగించిన రోజులు

మొన్న వానలకి మా పెళ్లి ఆల్బమ్ చెమ్మ పట్టి ఫోటోలు అతుక్కుపోయాయండీ. అమ్మ నవ్విన ఫోటో ఉన్నది అందులోనే. "నెగెటివ్‌లు నా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా" అన్న స్టూడియో బాబాయిగారు గుర్తొచ్చి పుట్టింటికి వెళ్లాను. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల షాపు.

రీలుకి 36 ఫోటోలే. సగం పుట్టినరోజుకి, సగం తిరుపతికి. 37వది కూడా వస్తే ఎంత సంబరమో!

నలుపు తెలుపు రోజుల్లో స్టూడియోవాళ్లే చీకటిగదిలో కడిగేవారు. ఊటీలోని ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి 'ఇందు' ఫిల్ము తయారుచేసింది. రంగులొచ్చాక కడిగే పని పట్నంలోని కలర్ ల్యాబ్‌లకి పోయింది. ఆ మిషన్లకి రోజూ రీళ్లు పడాలి, లేకపోతే మందునీళ్లు పాడవుతాయి. డిజిటల్ కెమెరాలొచ్చి రీళ్లు తగ్గాక ల్యాబ్‌లకి గిట్టలేదు. 2012లో కొడాకే దివాలా పిటిషన్ వేసింది. ఇక మా ఊరి స్టూడియో ఎంత?

బాబాయిగారు పోయారట. నెగెటివ్‌లు పాత సామాన్లతో పాటే వెళ్లిపోయాయని వాళ్లబ్బాయి చెప్పాడు. అతన్ని ఏమంటాం?

లాగితే అమ్మ మొహం చిరుగుతుందేమోనని ఆ రెండు పేజీలూ అతుక్కున్నట్టే ఉంచాను.