తీన్మార్ దరువు వెనుక హబ్షీలు

బుల్లితెర మీద తెలంగాణ యాసకు ‘తీన్మార్’ అన్న మాటే గుర్తుగా నిలిచినా, ఆ పేరుగల దరువుకు దక్కనులోని ఆఫ్రికా సంతతివారితో, అంటే హబ్షీలు లేదా సిద్దీలుగా పిలిచేవారితో, ఉన్న చుట్టరికం తెలిసినవారు తక్కువ. తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా వచ్చిన వీరిలో కొందరు బహమనీల కొలువులో పెద్ద పదవులకెక్కారు. బీదరులో హబ్షీ ప్రముఖుల సమాధులున్న గుట్టను ఇప్పటికీ హబ్షీకోట్ అనే అంటారు.

హైదరాబాదు సంగతి వేరు. వనపర్తి సంస్థానాధీశుని దగ్గర నుంచి నిజాం కొలువుకు మారిన ఆఫ్రికన్ అశ్వికదళం పేరే మాసబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది (ఆ ‘ఏసీ’కి చల్లగాలితో సంబంధం లేదు, అది ఆఫ్రికన్ కావల్రీ). ఈ సిద్దీలూ, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ నిలబెట్టిన మర్ఫా వాద్యంలో తోలు వాయిద్యాలతో పాటు లోహపు బిందె కూడా కర్రల కింద మోగుతుంది. ఉర్దూలో మూడు దెబ్బలని అర్థమిచ్చే తీన్మార్ ఈ బృందాల వెంట పెళ్లి ఊరేగింపుల్లో తిరిగి డప్పు మీదికీ ఎక్కింది. మంట దగ్గర కాచిన తోలు మీద ఒక చేతి చిర్ర గట్టిగా పడుతూ, రెండో చేతి చిటికెనపుల్ల సన్నగా గలగలలాడుతుంటే, బరాత్‌లో పెద్దమనుషుల కాళ్లూ ఆగవు.

ఒక సంగీతం తన మనుషులతో కలిసి తెరకెక్కిన తీరుకు బ్రిటన్‌లో ఒక ఉదాహరణ ఉంది. అక్కడ తెల్ల గాయకులు ముఖాలకు నల్లరంగు పూసుకుని పాడే వినోద కార్యక్రమాన్ని బీబీసీ 1958 నుంచి 1978 దాకా నడిపింది. అది ముగిసిన ఏడాదే, గయానాలో పుట్టిన మైఖేల్ అబ్బెన్‌సెట్స్ రాసిన ‘ఎంపైర్ రోడ్’ ధారావాహిక నల్లజాతి కుటుంబాల కథతో మొదలైంది. దాని శీర్షిక గీతాన్ని మటుంబి బృందం రెగెలో, అంటే తాళంలో మొదటి దెబ్బను తేల్చి తరువాతి దెబ్బ మీద బరువుంచే జమైకా సంగీతంలో, కట్టింది. అక్కడ పాటా, పాట పుట్టించినవారి ముఖాలూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చాయి.

ఇక్కడ అలా జరగలేదు. సినిమాల్లో రౌడీలకూ, హాస్యపాత్రలకూ అంటగట్టిన తెలంగాణ యాసను 2012లో మొదలైన వీ6 చానల్ తన తీన్మార్ వార్తల్లో వార్తలు చదివే భాషగా నిలిపింది. వికారాబాదు దారిలోని చేవెళ్ల మండలం నుంచి వచ్చిన నటుడు బిత్తిరి సత్తిగా ఇంటింటి మనిషయ్యాడు. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే దరువు పేరు తెరకెక్కినా, దాన్ని మోసుకొచ్చినవారు ఎక్కలేదు. 1948లో నిజాం పాలన ముగిశాక సైనిక కొలువు కరిగిపోగా వాద్యమే బతుకుతెరువైన మర్ఫా కళాకారులు తెర మీద కనిపించేది ఎక్కువగా నాయకుల ఊరేగింపు దృశ్యాల్లోనే, అదీ వ్యాఖ్యాత గొంతు వినిపించడం కోసం వారి చప్పుడు తగ్గించిన తరువాతే.