పాటల పుస్తకంలో లేని పేర్లు

మా నాయనమ్మ దగ్గర నల్ల అట్ట నోటు పుస్తకం ఒకటి ఉంది. గుడిలో ఆదివారం ఆరాధనలో విన్న పాటలన్నీ అందులో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పాట ఉంది, రాగం పేరు ఉంది, కొన్నిచోట్ల తాళం కూడా ఉంది. రాసినవాళ్ళ పేరు మాత్రం ఒక్కచోట కూడా లేదు. మన బరంపురంలో తెలుగు పాటల పుస్తకాలు అంత సులువుగా దొరకవు కదా, అందుకని పోయినేడాది మా సంఘం యువజనులు ఆ నోటు పుస్తకాన్ని అచ్చు వేద్దామన్నారు. టైపు పని నాకు అప్పజెప్పారు. 112 పాటలు. రెండు నెలలు పట్టింది. 300 కాపీలు వేయించి, క్రిస్మస్‌కి ఒక్కొక్కటి 30 రూపాయలకి అమ్మాం.

జనవరిలో చిన్నాన్నకి ఒక ఫోను వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి ఎవరో పెద్దాయన. "బాబూ, మీ పుస్తకంలో నా పాటలు నాలుగున్నాయి. నా పేరు లేదు. ఒక చరణంలో మాట కూడా మారిపోయింది" అన్నారు. చిన్నాన్న తడుముకోకుండా "దేవుడి పాటకి కూడా హక్కులేంటండీ" అనేశారు. ఆయనకి కోపం రాలేదు. "పాట దేవుడికే రాశాను నాయనా. అచ్చుకి డబ్బులు మాత్రం నేనే పెట్టుకున్నాను. సభలకి తిరిగి ఆ పుస్తకాలు అమ్ముకునే బతుకుతున్నాను" అన్నారు. ఫోను పెట్టేశాక చిన్నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టైపు చేసింది నేనే కాబట్టి నాకు అన్నం సహించలేదు.

ఈ హక్కులు ఎప్పటినుంచి ఉన్నాయో తెలుసుకోవాలని మా సాంఘిక శాస్త్రం మాస్టారిని అడిగాను. వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఇంగ్లండులో 1710లో ఆన్ రాణి కాలంలో చేసిన చట్టమే మొదటి కాపీరైట్ చట్టం అంటారు. కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, రచయిత బతికుంటే ఇంకో 14 ఏళ్ళు. మన దేశంలో కంపెనీ పాలన ఉండగానే 1847లో ఒక చట్టం వచ్చింది, తర్వాత 1914లో ఇంకొకటి. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో చేసిన చట్టం 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చింది. సవరణలతో ఇప్పటికీ అదే నడుస్తోంది. మొదట్లో రచయిత పోయిన తర్వాత 50 ఏళ్ళు హక్కు ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో చనిపోయారు కాబట్టి ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు 1991 ఆఖరుకి తీరిపోవాలి. సరిగ్గా అప్పుడే గడువుని 60 ఏళ్ళకి పెంచారు. టాగూర్ కోసం మార్చినది అందరికీ వర్తించింది, మా పెద్దాయనకి కూడా.

గుడుల సంగతికొస్తే, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అమెరికాలోని షికాగో కేసు. 1960లలో కాథలిక్ గుడుల్లో గిటారుతో పాడే కొత్త పాటలు వచ్చాయి. ఎఫ్.ఇ.ఎల్. అనే చిన్న ప్రచురణ సంస్థ వాటిని అచ్చు వేసేది. గుడులవాళ్ళు ఒక పుస్తకం కొని, మిగతావి కాపీలు తీసి కుట్టుకునేవారు. అచ్చం మాలాగే! ఏడాదికి 100 డాలర్లు కట్టి కాపీ చేసుకోండని ఆ సంస్థ అన్నా చాలామంది కట్టలేదు. 1976లో సంస్థ షికాగో బిషప్ మీద కోర్టుకెళ్ళింది. 1984లో జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. మరుసటి ఏడాది పై కోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. ఆరాధనలో పాట పాడటం తప్పు కాదంది, కానీ అనుమతి లేకుండా కాపీలు తీయటం తప్పేనంది.

పాడటం వేరు, కాపీ తీయటం వేరు. ఇది చదివాకే నాకు మా తప్పు ఎక్కడుందో అర్థమైంది.

ఆ కేసు తర్వాత అక్కడి సంఘాలు భయపడిపోయాయి. ఒక్కో పాటకి ఒక్కో రచయితని వెతికి అడగటం ఎవరివల్లా కాదు. అందుకని ఓరెగాన్ రాష్ట్రంలో 1988లో సీసీఎల్ఐ అనే సంస్థ పుట్టింది. గుడి పెద్దదో చిన్నదో చూసి ఏడాదికి ఇంత అని రుసుము తీసుకుంటుంది, ఏ పాటలు వాడారో అడిగి తెలుసుకుని ఆ డబ్బు రచయితలకి పంచుతుంది.

మన చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది, ఏవి నేరం కాదో చెప్పే సెక్షన్. నిజమైన మత కార్యక్రమంలో పాటనిగానీ రచననిగానీ నాటకాన్నిగానీ ప్రదర్శించవచ్చు, రికార్డు కూడా వినిపించవచ్చు అని 1994 సవరణలో చేర్చారు. గుడి, మసీదు, కోవెల అన్నిటికీ ఒకటే మాట. పెళ్ళి ఊరేగింపు కూడా దాని కిందికే వస్తుందని చట్టంలోనే రాసి ఉంది, కాబట్టి మన వీధి బ్యాండు మేళంవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు. కానీ ఆ మాటల్లో అచ్చువేయటం లేదు, అమ్మటం లేదు. సినిమా పేరు కూడా లేదు.

సినిమా అంటే గుర్తొచ్చింది. "కరుణామయుడు" 1978లో వచ్చింది. తెల్ల దుప్పటి కట్టి ఊళ్ళలో ఆ సినిమా వేస్తే జనం నేల మీద కూర్చుని చూశారని నాయనమ్మ చెబుతుంది. సినిమాకి విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు లెక్క, అంటే 2038 ఆఖరు దాకా హక్కుదారుల అనుమతి కావాలి. బడికి మాత్రం వేరే వెసులుబాటు ఉంది: బడి కార్యక్రమంలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడి పనులతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే చూస్తే సినిమా వేయొచ్చు. వీధివాళ్ళందరినీ పిలిస్తే కుదరదు. గుర్రం జాషువా గారు 1971లో పోయారు కాబట్టి ఆయన "క్రీస్తు చరిత్ర"కి 2031 ఆఖరు దాకా హక్కు ఉంటుంది. అయినా వార్షికోత్సవంలో మనం ఆ పద్యాలు చదవటానికి అడ్డు లేదు.

తర్వాత 112 పాటలూ ముందేసుకుని కూర్చున్నాను. పర్లాకిమిడి ప్రాంతంతో అనుబంధం ఉన్న పురుషోత్తమ చౌదరి గారు 1803 నుంచి 1890 వరకు జీవించారు. ఆయన కీర్తనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. "హౌ గ్రేట్ దౌ ఆర్ట్" అనే ఇంగ్లీషు పాట నన్ను బాగా తిప్పలు పెట్టింది. స్వీడిష్ భాషలో మూలం రాసిన కార్ల్ బోబెర్గ్ 1940లో పోయారు, ఆయన గడువు పెంపుకి ముందే తీరిపోయింది. ఇంగ్లీషులో రాసిన స్టువార్ట్ హైన్ 1989లో పోయారు, అది 2049 దాకా ఉంటుంది. ఒకే పాటకి రెండు లెక్కలు! దాన్ని తీసేశాం.

57వ సెక్షన్ చదివినప్పుడు మాత్రం మొహం వేడెక్కింది. హక్కులు అమ్ముకున్నా సరే, రచన తనదని చెప్పుకోవటానికి, దాని మాటలు పాడుచేసి తన పేరుకి మచ్చ తెస్తే అడగటానికి రచయితకి హక్కు ఉంటుంది. పెద్దాయన అడిగిన రెండూ అవే కదా.

చిన్నాన్న, నేను బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళాం. వసూలైన డబ్బులో ఆయన పాటల వంతు ఇస్తే తీసుకోలేదు, చిన్నాన్న బలవంతం చేస్తే తీసుకున్నారు. నాలుగు పాటలకీ అనుమతి కాగితం మీద రాసి సంతకం పెట్టారు. మిగిలిన 140 కాపీల్లో పేర్ల చీటీలు నేనే అంటించాను. 71 పాటలకి పేర్లు దొరికాయి. మిగతావాటి దగ్గర "రాసినవారు తెలిస్తే చెప్పండి" అని వేశాం.

మారిన మాట సంగతి నాయనమ్మకి చెప్పాను. "నేను విన్నది అలాగే" అంది. పోయిన ఆదివారం గుడిలో అందరం ఆయన రాసిన మాటే పాడాం. నాయనమ్మ మాత్రం పుస్తకం మూసి, తన మాటే పాడింది.